ఎల్డన్ వరుస మీద మరక

ఆల్బర్ట్ క్రాసింగ్, నెబ్రాస్కా
1983 ఏప్రిల్ 11, సోమవారం

చిరంజీవి నీల్‌కి,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న మీ అమ్మ రెండు వార్తలు చెప్పింది. ఒకటి, ఆమెకి పంటినొప్పి. రెండు, నువ్వు రెడ్ ఫోర్క్‌లో పిల్లల బేస్‌బాల్ జట్టుకి కోచ్‌వి అయ్యావు. మొదటిదాన్ని పళ్ల డాక్టరు చూసుకుంటాడు. రెండోదానికి నేను శనివారంలోగా మందు వేయాలి. పిల్లల్ని ఎంచుకునేది శనివారమేనట.

"వేరే ఎవరూ ముందుకు రాలేదమ్మా" అని నువ్వు చెప్పావట. మీ తాతయ్య కూడా 1949లో ఇదే మాట చెప్పి, ఇరవై ఎనిమిదేళ్లు కోచ్‌గా ఉండిపోయాడు. ఆయన పక్కన కూర్చుని ఇరవై ఎనిమిదేళ్లూ స్కోరు పుస్తకం రాసింది నేను. కాబట్టి శ్రద్ధగా చదువు.

అందరు కోచ్‌లూ ఎవడు గట్టిగా కొడుతున్నాడు, ఎవడు వేగంగా పరిగెడుతున్నాడు అని చూస్తారు. తొమ్మిదేళ్ల పిల్లవాడు మేలో పరిగెత్తినట్టు జూన్‌లో పరిగెత్తడు. మధ్యలో కాళ్లు పెరుగుతాయి. నువ్వు తల్లిదండ్రుల్ని చూడు. టైముకి వచ్చే తల్లి కావాలి. కంచె పట్టుకుని కేకలు వేసే తండ్రి వద్దు. తన వంతు అయ్యాక పిల్లవాడు ఏం చేస్తున్నాడో కూడా చూడు. మిగతావాళ్ల ఆట చూస్తుంటే నేర్చుకుంటాడు. తన వీపు మీది నంబరు కాగితం పీకి చూసుకుంటుంటే నేర్చుకోడు.

ఒక నియమం మాత్రం నీ గుండె మీద రాసుకో. ప్రతి బిడ్డా ప్రతి ఆటలో కనీసం రెండు ఇన్నింగ్స్ మైదానంలో నిలబడాలి, ఒక్కసారైనా బ్యాట్ పట్టాలి. మన ఊళ్లో ఆ నియమం పెట్టించింది మీ తాతయ్య. మీ ఊళ్లోనూ అదే నియమం ఉందని, అది తప్పితే గెలిచిన ఆట కూడా చెల్లదని కనుక్కున్నాను. ఇరవై ఎనిమిదేళ్లలో బ్యాట్ పట్టకుండా ఇంటికి వెళ్లిన పిల్లవాడు మా జట్టులో ఒక్కడూ లేడు. పుస్తకాలన్నీ నా బీరువాలో ఉన్నాయి.

ప్రతి ఆట స్కోరు కాగితం నాకు పంపు. ఫోన్ చేయకు. దూరపు ఫోన్లు చావులకీ పుట్టుకలకీ.

మీ నానమ్మ,
ఆర్డిత్ బ్రూనింగ్

---

రెడ్ ఫోర్క్
ఏప్రిల్ 18

నానమ్మకి నమస్కారాలు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. చివర ఇంటిపేరుతో సహా సంతకం పెట్టావు. నాకున్న మరో నానమ్మ రాసిందనుకుంటానని భయమా?

ఎంపిక మా అగ్నిమాపక కేంద్రంలో జరిగింది. ఆరుగురు కోచ్‌లం, మధ్యలో ఒక పెట్టె డోనట్లు. ఎవరి తర్వాత ఎవరు ఎంచుకోవాలో చీటీలు తీస్తే నాకు నాలుగో వంతు వచ్చింది. మొదటి ముగ్గురూ గట్టిగా కొట్టే కుర్రాళ్లని ఎగరేసుకుపోయారు. అందరికంటే బాగా బంతి విసిరింది మాత్రం ట్రూడీ వాసెక్ అనే పదేళ్ల పిల్ల. ఎడమచేతి వాటం. పొద్దున పరీక్షలో ఆమె విసిరిన బంతికి ఒక కోచ్ గారి అబ్బాయి బ్యాట్ వదిలేసి వాళ్ల నాన్న వెనక దాక్కున్నాడు.

"మరి ఈ పిల్లనెవరూ తీసుకోలేదేం?" అని పక్కనున్న కోచ్ గ్లెన్‌ని అడిగాను. బీమా ఏజెంటులే, ప్రమాదాలు ముందే కనిపెడతాడు.

"తీసుకో బాబూ, తీసుకో. తమ్ముడున్నాడు చూశావా? ఇద్దర్నీ విడదీయకూడదు. అక్కని తీసుకుంటే నీ రెండో వంతు వాడికే పోతుంది. ఆవుని కొంటే దూడా వెంట వచ్చినట్టు."

దూడ పేరు ఎల్డన్. ఎనిమిదేళ్లు. పరీక్షలో తన వైపు వచ్చిన ఆరు బంతుల్లో ఆరింటికీ దారి వదిలాడు. అక్క పాత గ్లవ్ వేసుకుని, మిడతని చూస్తూ నిలబడ్డాడు. కానీ వాళ్లమ్మ అందరికంటే ముందు వచ్చింది, ఒక్క కేక వేయలేదు, పైగా పళ్లెం నిండా పండ్ల గుజ్జు నింపిన కొలాచీ రొట్టెలు తెచ్చింది. నీ మాట ప్రకారం తల్లిని చూశాను, ఇద్దర్నీ తీసుకున్నాను. గ్లెన్ ఎంత నవ్వాడంటే డోనట్ గొంతుకి అడ్డం పడింది.

ట్రూడీ వచ్చి చేయి కలిపి ఏమందో తెలుసా? "కోచ్, మీరు నన్ను తీసుకున్నారా, మా వాణ్ణి తీసుకున్నారా?"

"ఇద్దర్నీ."

"అబద్ధం. ఫర్వాలేదు, అలవాటే."

ఎల్డన్ పక్కనే ఉన్నాడు. విన్నాడనే అనుకుంటాను.

మొత్తం పన్నెండు మంది. నువ్వు కాల్చే చెర్రీ పై ఒకటి పంపితే ధైర్యం వస్తుంది. ఈసారి చక్కెర కాస్త తగ్గించు.

నీ మనవడు,
నీల్ (బ్రూనింగ్)

---

ఆల్బర్ట్ క్రాసింగ్
ఏప్రిల్ 22

నీల్‌కి,

నేను చెప్పింది టైముకి వచ్చే తల్లి గురించి. పళ్లెం తెచ్చే తల్లి గురించి కాదు. రెండో వంతుని కొలాచీలకి అమ్ముకున్న మొదటి కోచ్‌వి నువ్వే అయి ఉంటావు.

ఆ పిల్లని తీసుకోవడం మాత్రం సరైన పని. ఈ మాట రెండోసారి రాయను, కాబట్టి కాగితం దాచుకో.

చెర్రీ పై పోస్టులో పంపడం కుదరదు. చక్కెర సంగతి నువ్వు పదిహేనేళ్లుగా అంటున్నావు. అంత చక్కెర వేయడానికి నా కారణాలు నాకున్నాయి.

ఆదివారం చర్చి మెట్ల మీద అమోస్ లిండ్‌గ్రెన్ మళ్లీ పట్టుకున్నాడు. ఎనభై ఒకటో ఏడు వచ్చింది, ఇంకా 1966 ఫైనల్ గోలే. "ఏమ్మా ఆర్డిత్, ఒక్క పరుగుతో మా జట్టుని ఓడగొట్టారు. ఆ పుస్తకం ఒకసారి చూపించరాదూ? ఏదో తిరకాసు ఉండే ఉంటుంది!" అన్నాడు. "నా పుస్తకంలో తప్పుండదు అమోస్. నీ జట్టులో ఉండేది" అని చెప్పి వచ్చేశాను. ఆ ఫైనల్లో గెలిచిన ట్రోఫీ ఇవాళ కూడా తుడిచి పెట్టాను. నువ్వు కూడా ఆ జట్టులో ఉన్నవాడివే కదా, ఆ పరువు నిలబెట్టు.

మీ నానమ్మ,
ఆర్డిత్ బ్రూనింగ్

---

రెడ్ ఫోర్క్
మే 31

నానమ్మకి,

నాలుగు ఆటలు, నాలుగు ఓటములు. కాగితాలు జత చేశాను. మూడో ఆటలో 19–2 అని ఉన్నది నిజమే, చేతిరాత తప్పు కాదు.

ట్రూడీ బాగానే విసురుతోంది. ఆమె విసిరింది పట్టుకునేవాడే లేడు. రెండో బేస్ దగ్గర నిలబడేవాడికి ఆట మధ్యలో పన్ను ఊడితే ఆట ఆపి అందరం గడ్డిలో వెతికాం. దొరికింది. ఈ నెలలో మేం సాధించింది అదొక్కటే.

ఎల్డన్ బ్యాట్ పట్టిన ప్రతిసారీ అవుట్. ఒక్కసారి కూడా బ్యాట్ తిప్పలేదు. మూడు బంతులూ వెళ్లిపోయేదాకా మర్యాదగా నిలబడతాడు. కుడివైపు చివరకి పంపితే అక్కడ కూర్చుని కుడిచేత్తో మట్టిలో మిడతల బొమ్మలు గీస్తాడు. అక్షరాలా మిడతల్లాగే ఉంటాయి, కాళ్లకున్న ముళ్లతో సహా. వాడు బ్యాట్ పట్టుకుని బయల్దేరితే మిగతా పిల్లలు గ్లవ్‌లు సర్దుకోవడం మొదలుపెడతారు, ఇన్నింగ్స్ ఎలాగూ అయిపోతుందని. వాళ్లని తిట్టాను. తిట్టకుండా ఉంటే బాగుండేదేమో, వాడు చూడనిది కూడా అప్పుడు చూశాడు.

నీల్

---

రెడ్ ఫోర్క్
జూన్ 12

నానమ్మా!

గెలిచాం! 7–6!

చివరి ఇన్నింగ్స్‌లో అవతలివాళ్లు ముగ్గురు బేస్‌ల మీదున్నారు, ట్రూడీ చివరి కుర్రాణ్ణి మూడు బంతుల్లో పంపేసింది. పన్నెండు మందీ నా మీద పడ్డారు. కళ్లజోడు వంకరపోయింది. ఐస్‌క్రీం దుకాణంలో ఒకడు బల్ల ఎక్కి "మనం ఓడిపోలేదు!" అని అరిచాడు. గెలిచాం అనే మాట వాడికి ఇంకా అలవాటు కాలేదు.

కాగితం జత చేస్తున్నాను. హాట్‌డాగ్ తింటూ రాశాను, ఆవముద్ద కాస్త పడింది. క్షమించు.

ఒక్క గెలుపు నానమ్మా. ఒక్కటి వస్తే ఎలా ఉంటుందో పిల్లల ముఖాలు చూసుంటే తెలిసేది.

నీల్

---

ఆల్బర్ట్ క్రాసింగ్
జూన్ 16

నీల్‌కి,

పిల్లలకి నా అభినందనలు. నీకు కాదు. ఎందుకో చదువు.

ఆవముద్ద పన్నెండో వరుస మీద, అంటే ఎల్డన్ పేరు ఎదుట పడింది. కాగితంలో పన్నెండు వరుసలున్నాయి. మరక ఆ ఒక్క వరుస మొదటినుంచి చివరిదాకా పాకి, పదకొండో వరుసని ముట్టుకోకుండా ఆగింది. ఇంత క్రమశిక్షణ గల ఆవముద్దని నా డెబ్బై నాలుగేళ్లలో చూడలేదు.

మరక కింద ఏముందో నాకు అక్కర్లేదు. లెక్క చెబుతుంది. బ్యాట్ పట్టి వెళ్లిన ప్రతివాడూ మూడింటిలో ఏదో ఒకటి అవుతాడు: పరుగు చేస్తాడు, అవుట్ అవుతాడు, లేదా ఇన్నింగ్స్ ముగిసేసరికి బేస్ మీద మిగిలిపోతాడు. మీరు ముందున్నారు కాబట్టి ఆరో ఇన్నింగ్స్‌లో మీ బ్యాటింగ్ అక్కర్లేకపోయింది; ఐదు ఇన్నింగ్స్ బ్యాట్ పట్టారు, పదిహేను అవుట్లు. ఏడు పరుగులు. మిగిలిపోయినవాళ్లు ఆరుగురు. మొత్తం ఇరవై ఎనిమిది. మిగతా పదకొండు మంది వంతులన్నీ కూడి చూశాను. ఇరవై ఎనిమిది. ఎల్డన్‌కి మిగిలింది సున్నా.

ఎల్డన్ నిలబడే కుడివైపు చివర కోరీ అనే అబ్బాయి ఆరింటిలో ఐదు ఇన్నింగ్స్ నిలబడ్డాడు. మిగిలింది ఒక్కటి. అది ఎల్డన్‌ది. రెండు కావాలి.

అంటే ఆ పిల్లవాణ్ణి దాచిపెట్టి గెలిచావు. అంపైరు చూడలేదు, అవతలి కోచ్ చూడలేదు. నేను నూట ఎనభై మైళ్ల దూరం నుంచి చూశాను. ఇలాంటి పని మీ తాతయ్య ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ చేయలేదు. ఓడిపోయిన రోజు కూడా తలెత్తుకుని ఇంటికి వచ్చాడు.

జవాబు తిరుగు టపాలో రావాలి.

ఆర్డిత్ బ్రూనింగ్

---

ఆల్బర్ట్ క్రాసింగ్
జూన్ 28

నీల్‌కి,

పన్నెండు రోజులైంది. మౌనం జవాబు కాదు. తప్పు చేసి అలిగే అలవాటు మన వంశంలో మీ నాన్న వైపు లేదు. అంటే నా వైపు లేదు.

హాట్‌డాగ్‌లు మానేశావని ఆశిస్తాను.

ఆ. బ్రూ.

---

రెడ్ ఫోర్క్
జూలై 1

నానమ్మా,

అలగలేదు. గోధుమ కోతలు. నేను పనిచేసే ధాన్యం గోదాము దగ్గర లారీల వరుస మైలు పొడవుంది. పదిహేను రోజులుగా తూకం దగ్గరే నా తిండి. రెండు ఆటలు నేను లేకుండా ట్రూడీ వాళ్లమ్మే నడిపించింది. రెండూ ఓడిపోయారు, అయినా టైముకి మొదలయ్యాయట.

మరక సంగతి. హాట్‌డాగ్ నిజం. మరక కూడా నిజం. అది పడ్డాక చెంచాతో కొంచెం దారి చూపించాను. నీ దగ్గర ఇంకేం దాచగలను?

కానీ జరిగింది నువ్వనుకున్నది కాదు. నాలుగో ఇన్నింగ్స్‌లో ఎల్డన్ వంతు వచ్చింది. పిలిచాను. లేచాడు, దగ్గరికి వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు.

"కోచ్, మనం గెలుస్తున్నామా?"

"గెలుస్తున్నాం రా."

"అయితే నన్ను పంపకండి. ప్లీజ్ కోచ్. నేను వెళ్తే పోతుంది. అక్క ఏడుస్తుంది. నేను బూటు లేసు కట్టుకుంటూ ఉంటాను, మీరు చూడనట్టు ఉండండి."

నేను చూడనట్టు ఉన్నాను. గెలుపు కోసం కాదు నానమ్మా, ఒట్టు. వాడి మీద జాలితో. అంత భయపడేవాణ్ణి తోయడం నా వల్ల కాలేదు. ఎందుకంటే ఆ లేసు నాకు బాగా తెలుసు.

నువ్వు కోప్పడనంటే ఒక మాట. బీరువాలో 1966 పుస్తకం తీయి. జూలై 30, అమోస్ లిండ్‌గ్రెన్ జట్టుతో ఫైనల్. నా పేరు ఎదుట చూడు.

నాకు పదేళ్లు. ఆరో ఇన్నింగ్స్‌లో తాతయ్య నా వైపు తిరిగాడు. నేను వంగి లేసు కట్టుకుంటున్నట్టు నటించాను. ఆయన కాసేపు అలాగే నిలబడి, వేరేవాణ్ణి పంపాడు. నన్ను పంపమని ఎవరూ అడగలేదు, మనవణ్ణి ముందుకు తోస్తున్నాడని ఊరు అనకూడదని ఆయన ఎప్పుడూ నన్నే చివర పెట్టేవాడు కదా. గెలిచాం. అందరూ నన్ను కూడా ఎత్తుకుని తిప్పారు. నాకు దిగాలనిపించింది.

దీనికి తాతయ్యని తప్పు పట్టకు. ఆయన చేసింది దయ. నేనూ అదే చేశాను.

ఇప్పుడు చెప్పు. 9వ తేదీ శనివారం చివరి ఆట. ఆ గెలుపు గురించి లీగ్ సెక్రటరీకి చెబితే పిల్లలకున్న ఒక్క గెలుపూ పోతుంది. వాళ్లు దాన్ని ఇంకా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. చెప్పమంటావా?

నీల్

---

ఆల్బర్ట్ క్రాసింగ్
జూలై 3, ఆదివారం

నాయనా నీల్,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. జవాబు ఇవాళే రాస్తున్నాను. రేపు టపా సెలవు కాబట్టి ఇది మంగళవారం మొదటి సంచిలో వెళ్తుంది. నువ్వు శనివారంలోగా చదవాలి.

పుస్తకం తీశాను. నిజం చెప్పాలంటే నువ్వు తప్పని చూపించడానికే తీశాను. నీ పేరు ఉంది. నా చేతిరాతే. దాని ఎదుట గడులన్నీ ఖాళీ. పేజీ అడుగున వంతులు, పరుగులు, అవుట్లు, మిగిలినవాళ్లు అన్నీ కూడి, సరిపోయిందని ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టి, రెండు గీతలు గీశాను. లెక్క సరిపోయింది. అందుకే పిల్లవాడు కనబడలేదు. నీ కాగితానికి చేసినట్టు, ఒక్కొక్క పేరుకీ విడిగా ఎన్ని వంతులో ఆ రోజు నా పేజీలో చూసుకుని ఉంటే నిమిషంలో తేలేది.

నేను నీకు పది అడుగుల దూరంలో కూర్చున్నాను నీల్. తలెత్తలేదు.

ఇంకొకటి. ఆ సాయంత్రం మీ తాతయ్య ట్రోఫీని బల్ల మీద పెట్టి, నేను చేసిన చెర్రీ పై ముక్క ముట్టుకోలేదు. "ఏమండీ, పులుపెక్కిందా?" అని అడిగితే "అవును, కొంచెం" అన్నాడు. ఆయన నాతో ఆడిన అబద్ధాలు లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు. అందులో ఇది ఒకటని నిన్న తెలిసింది. ఆ సాయంత్రం నుంచి పదిహేడేళ్లుగా చెర్రీ పైలో చక్కెర ఎక్కువ వేస్తున్నాను. మీరందరూ తింటున్నారు, పాపం.

నువ్వు చేసింది జాలి అన్నావు. ఒప్పుకుంటాను. మీ తాతయ్య చేసిందీ జాలే. దాని ఫలితం ఏమిటో చూడు: ఇరవై ఏడేళ్లవాడివి, ఇంకా ఆ లేసు కడుతూనే ఉన్నావు. ఎల్డన్‌కి ఇరవై ఏడేళ్లు వచ్చేసరికి వాడు ఇంకో పిల్లవాడి మీద ఇలా జాలిపడకూడదు.

ఇంకో లెక్క కూడా తేలింది. ట్రూడీది ఎడమచేతి వాటమని ఏప్రిల్‌లో రాశావు. తమ్ముడు ఆమె పాత గ్లవ్ వేసుకుంటాడనీ రాశావు. వాడు బొమ్మలు కుడిచేత్తో గీస్తాడని మేలో రాశావు. ఎడమచేతివాళ్ల గ్లవ్ కుడిచేతికి తొడుగుతారు. అంటే ఆ బిడ్డ మొదటినుంచీ విసరాల్సిన చేత్తో బంతి పట్టి, అలవాటు లేని చేత్తో విసురుతున్నాడు. ఇది వాళ్లమ్మకి తట్టలేదు, ఇంటిలో మొదటి గ్లవ్ అదే కాబట్టి. ట్రూడీకి తట్టలేదు, ఆమెకి అదే సరైన చేయి కాబట్టి. నీకెందుకు తట్టలేదో నాకు తెలియదు. కొలాచీలు అయి ఉంటాయి.

నీ ప్రశ్నకి జవాబు: చెప్పాలి. పిల్లల జేబులో ఉన్న ఆ గెలుపు పన్నెండు మందిదీ కాదు, పదకొండు మందిది. పన్నెండోవాడికి ఆ సంగతి తెలుసు. నీకు తెలిసినట్టే.

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరం అందిన రోజే సెక్రటరీ దగ్గరికి వెళ్లి, జూన్ 11 ఆట గెలుపు చెల్లదని నీ నోటితో చెప్పు. కాగితం చూపించు. మరక గురించి అడిగితే అదీ చెప్పు.

2. పిల్లలకి నువ్వే చెప్పు. "కోచ్ లెక్క తప్పాడు" అను. ఎల్డన్ పేరు ఎత్తకు. ట్రూడీ కనిపెడుతుంది, ఆమెకి వేరుగా నిజం చెప్పు. "మా వాణ్ణి తీసుకున్నారా?" అని మళ్లీ అడిగితే, ఈసారి నిజమయ్యే జవాబు చెప్పు.

3. నేను శుక్రవారం బస్సులో వస్తున్నాను. 4:40కి దిగుతాను. 4:40 అంటే 4:40.

4. ఎడమచేతికి తొడిగే పిల్లల గ్లవ్ ఒకటి తెస్తున్నాను. 1966ది, నీదే. కొత్తగానే ఉంది, పెద్దగా వాడలేదు. శుక్రవారం సాయంత్రం ఎల్డన్‌కి తొడిగి, అన్నం వేళదాకా బంతులు విసురు.

5. శనివారం బ్యాటింగ్ వరుసలో ఎల్డన్ మొదటివాడు. ముందు వెళ్లేవాడికి పోగొట్టడానికి ఇంకా ఏమీ ఉండదు. అవుట్ అయితే అవుట్ అని రాస్తాను. కానీ రాస్తాను.

6. స్కోరు పుస్తకం నేను రాస్తాను. దానికి మూడు అడుగుల లోపు హాట్‌డాగ్ కనబడకూడదు.

7. ట్రోఫీని పాత దుప్పటిలో చుట్టి పెట్టాను. రెడ్ ఫోర్క్ నుంచి తిరిగి రాగానే అమోస్ ఇంటికి నేనే తీసుకెళ్తాను. ఏడాది పాటు నవ్వుతాడు. ఆ హక్కు అతనికుంది, ఇంకా ఎక్కువ ఏళ్లు నవ్వాలని కోరుకుంటాను.

8. ఆదివారం ఉదయం చర్చి అయ్యాక మైదానానికి రా. ట్రూడీ బంతి విసురుతుంది, ఎల్డన్ పట్టుకుంటాడు, నువ్వు బ్యాట్ పట్టుకుంటావు. ఒకే ఒక్క వంతు. 1966 పుస్తకం నా ఒళ్లో ఉంటుంది, ఖాళీ గడి దగ్గర పెన్సిలు పెట్టి కూర్చుంటాను. ఏది జరిగితే అదే రాస్తాను. ఈసారి తలెత్తి చూసి రాస్తాను.

9. బూట్ల లేసులు ఇంట్లోనే గట్టిగా కట్టుకుని రా.

నానమ్మ